థర్మామీటరుకు అందని జ్వరం



మీకు ఈమధ్య గట్టిగా జ్వరం వచ్చిన రోజును ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ఒళ్లు కాలిపోతోంది. నోరు చేదు. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎవరు పలకరించినా విసుగు. పేపరు చేతికిస్తే రెండో లైనుకు వచ్చేసరికి మొదటి లైను జారిపోయింది. మీకు ప్రాణమైన పాట రేడియోలో వస్తుంటే ‘‘కట్టేయండర్రా’’ అన్నారు. అప్పుడు ఇంట్లో పెద్దావిడ ఏమంది? ‘‘కదపకండి, ఒంట్లో బాగోలేదు’’ అంది. మిమ్మల్ని సోమరి అని ఆ రోజు ఎవరూ అనలేదు.

ఆ పూట మీ మనసును అలా మూల కూర్చోబెట్టింది ఒంటి వేడి ఒక్కటే కాదు. ఒంట్లోకి క్రిమి చొరబడగానే మన రోగనిరోధక కణాలు సైటోకైన్లు అనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. ఆ కబురు మెదడుకు చేరుతుంది. తిండి వద్దు, మాట వద్దు, పడుకో, బలమంతా పోరాటానికి దాచు అని దాని అర్థం. ఇది ప్రకృతి చేసిన మంచి ఏర్పాటు. బ్రిటన్‌లో పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకు టైఫాయిడ్ టీకా వేసి, వాళ్ల రక్తాన్నీ మనసునూ గమనించారు. టీకా వల్ల కలిగే సెగ చాలా కొద్దిపాటిది. అయినా కొన్ని గంటలకే వాళ్ల మనసు దిగజారింది. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

నాలుగు రోజుల జ్వరం నాలుగు రోజుల్లో పోతుంది. కానీ అలాంటి సెగే ఒంట్లో థర్మామీటరుకు అందనంత సన్నగా పదేళ్లో పదిహేనేళ్లో ఉండిపోతే? మన భాషలో దానికి మాట ఎప్పటినుంచో ఉంది. నివురుగప్పిన నిప్పు. ఊబకాయం ఉన్నవాళ్లలో చాలామందికి ఒంట్లో ఇలాంటి నిప్పు ఉంటుందనీ, దాని సెగ మెదడుకు తగిలి ఆలోచననూ మనసునూ మసకబార్చే అవకాశం ఉందనీ పాతిక ముప్పయ్యేళ్ల పరిశోధన చెబుతోంది. ఈ పూట ఆ సంగతే మాట్లాడుకుందాం.

నేను వైద్యుణ్ణి. అయినా ఈ విషయం నా కళ్లు తెరిపించింది పుస్తకాల్లో కాదు, మా అక్క వంటింట్లో. అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. కిరాణా కొట్టతను క్యాలిక్యులేటరు బయటికి తీసేలోపు నెల సరుకుల మొత్తం పైసలతో సహా చెప్పేసేది. యాభై దాటాక ఒళ్లు వచ్చింది, అదీ ఎక్కువగా నడుము చుట్టూ. ఒక సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లాను. స్టవ్ మీద పాలు పెట్టి పక్కనే నిలబడి ఉంది. పాలు పొంగాయి. గిన్నె అంచు దాటి, గట్టు మీదుగా పారి, ఆమె పాదం పక్కనే బొట్లు బొట్లుగా పడుతున్నాయి. అక్క వాటివైపే చూస్తోంది, కానీ కదలడం లేదు. నేనే వెళ్లి స్టవ్ ఆపాను. అప్పుడు నావైపు తిరిగి, ‘‘తలలో దూది కుక్కినట్టుంటోందిరా. బోర్డు మీద లెక్క సగం వేశాక తర్వాత ఏం చేయాలో తోచట్లేదు. పిల్లల ముందు నిలబడాలంటే భయమేస్తోంది’’ అంది.

నేను ఏమన్నానో తెలుసా? ‘‘కాస్త ఒళ్లు తగ్గించక్కా, బద్ధకం వదిలించుకో, అన్నీ అవే సర్దుకుంటాయి’’ అన్నాను. అక్క మారు మాట్లాడలేదు. గుడ్డ తీసుకుని గట్టు తుడవడం మొదలుపెట్టింది. ఆ మాట అన్నందుకు ఈరోజుకీ నాకు బాధగా ఉంది.

ఆ మాట నాకు చదువులోంచి రాలేదు, వాడుకలోంచి వచ్చింది. ఎవరికైనా పొగరెక్కితే ‘కొవ్వెక్కింది’ అంటాం. ఎదురు మాట్లాడితే ‘ఒళ్లు బలిసింది’ అంటాం. పనిలేని వాదన పెట్టుకుంటే ‘తిన్నది అరక్క’ అంటాం. కొవ్వును ఒక తప్పుగా, ఒక గుణంగా చూడడం మనకు నాలుక మీదే ఉంది. డాక్టర్ల నాలుక దానికి మినహాయింపు కాదు. అందుకే ఆ కొవ్వు లోపల నిజంగా ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చెబుతాను.

చాలాకాలం వైద్యశాస్త్రం కొవ్వును గాదెలా చూసింది. మిగిలిన ధాన్యం పోసుకుంటాం, కరువొస్తే తీసుకుంటాం, అంతే. 1993లో హార్వర్డ్‌లో గోఖన్ హోతమిష్లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్, వాళ్ల సహచరులు బాగా లావెక్కిన ఎలుకల కొవ్వును పరిశీలిస్తే అందులో టీఎన్ఎఫ్ అనే సైటోకైన్ ఎక్కువగా తయారవుతూ కనిపించింది. అది రోగంతో పోరాడేటప్పుడు పుట్టే రసాయనం. క్రిమి ఏదీ లేని కొవ్వులో దానికేం పని? ఆ మరుసటి ఏడే న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ హార్మోన్‌ను కనిపెట్టింది. కొవ్వు కణాలు రక్తం ద్వారా మెదడుతో మాట్లాడతాయని దాంతో తేలిపోయింది. గాదె అనుకున్నది కాస్తా నోరున్న అవయవం అయింది. 2003లో రెండు అమెరికన్ బృందాలు మరో సంగతి చూపాయి. లావెక్కిన జంతువుల కొవ్వులోకి మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు గుంపులుగా వచ్చి చేరుతున్నాయి.

ఎందుకు చేరతాయి? కొవ్వు కణం నిండేకొద్దీ ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ రక్తనాళానికి దూరమై ఆక్సిజన్ చాలక ఉక్కిరిబిక్కిరవుతుంది. కొన్ని కణాలు చచ్చిపోతాయి. వాటిని ఎత్తిపోయడానికి మాక్రోఫేజ్‌లు వస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే చనిపోయిన కొవ్వు కణం చుట్టూ అవి కిరీటంలా వరసగా కూర్చుని ఉంటాయి. శుభ్రం చేయడానికి వచ్చినవి పని తెమలక అక్కడే తిష్ఠవేసి, సైటోకైన్లు వదులుతూనే ఉంటాయి. ఈ గొడవ తొడల కొవ్వులో తక్కువ. పేగుల చుట్టూ, కాలేయం దాపున పేరుకునే బొజ్జ కొవ్వులో ఎక్కువ. వాపు ప్రక్రియ, ఇన్‌ఫ్లమేషన్ అని వైద్యులు అనేది దీన్నే. దెబ్బ తగిలిన చోట ఉబ్బినట్టు పైకి కనిపించే వాపు కాదిది. ముట్టుకుంటే నొప్పి కూడా ఉండదు.

మరి పొట్టలో రాజుకున్నది తలకెలా చేరింది? రక్తానికీ మెదడుకూ మధ్య ఒక కాపలా గోడ ఉంటుంది. రక్తంలో ఉన్న ప్రతిదాన్నీ అది లోపలికి రానివ్వదు. కానీ దీర్ఘకాలం సైటోకైన్ల ధాటికి ఆ గోడ సడలుతుంది. ఆకలిని చూసుకునే హైపోథాలమస్ దగ్గర అది మొదటినుంచీ పలచనే, ఎందుకంటే ఒంట్లోంచి వచ్చే కబుర్లు వినడమే ఆ భాగం పని. గోడ లోపల మెదడుకు సొంత కాపలా కణాలున్నాయి. వాటి పేరు మైక్రోగ్లియా. స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో హోర్తేగా 1919లో వాటిని వేరుగా గుర్తించి ఆ పేరు పెట్టాడు.

ఈ మైక్రోగ్లియా పనిని మన పొలాల్లో కలుపు తీసేవాళ్ల పనితో పోల్చవచ్చు. నాడీకణాల మధ్య లక్షల కోట్ల లంకెలుంటాయి. వాటిలో పనికిరానివాటిని ఇవి ఏరి తీసేస్తుంటాయి. మెదడు చురుగ్గా ఉండాలంటే ఆ పని జరగాల్సిందే. సెగ తగిలి రెచ్చిపోయినప్పుడు మాత్రం ఇవి కలుపుతో పాటు వరి మొక్కనూ పీకేస్తాయి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ గూల్డ్ బృందం 2018లో దీన్ని ఎలుకల్లో చూపింది. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి పెట్టి వాటిని లావు చేస్తే, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ భాగంలో మైక్రోగ్లియా నాడుల లంకెలను తినేశాయి. ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే పరీక్షల్లో ఆ ఎలుకలు వెనకబడ్డాయి. మైక్రోగ్లియా దూకుడును అడ్డుకున్నప్పుడు, ఒళ్లు తగ్గకపోయినా జ్ఞాపకం నిలబడింది. అంటే బరువుకూ మతిమరుపుకూ మధ్యలో ఈ కణాలు ఉన్నాయన్నమాట.

నాకు ఇంకా నచ్చిన ప్రయోగం 2014 నాటిది. అమెరికాలోని జార్జియాలో అలెక్సిస్ స్ట్రానహాన్ బృందం పుట్టుకతోనే ఊబకాయం, షుగరు వచ్చే జాతి ఎలుకలను తీసుకుంది. కొన్నింటిని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించారు. కొన్నింటికి ఆపరేషన్ చేసి కొవ్వు తీసేశారు. రెండు గుంపుల్లోనూ ఇంటర్‌ల్యూకిన్-1 అనే సైటోకైన్ తగ్గింది, హిప్పోక్యాంపస్ మళ్లీ సరిగా పనిచేయసాగింది. ఆ కొవ్వును తీసి సన్నటి ఎలుకల్లో అమర్చితే, ఆ సన్నటి ఎలుకల మెదడు మందగించింది! వాటి తిండి మారలేదు, బుద్ధి మారలేదు. వేరేవాటి కొవ్వు వచ్చి చేరింది, అంతే. అక్కతో నేనన్న మాట గుర్తొచ్చి ఈ పరిశోధన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను.

హైపోథాలమస్ సంగతి ఇంకో రకం. బ్రెజిల్‌లోని కంపీనాస్ విశ్వవిద్యాలయంలో లీసియో వెలోసో బృందం 2005లో, ఆ తర్వాత అమెరికాలో సియాటిల్ పరిశోధకులు 2012లో చూపింది ఏమిటంటే, కొవ్వు తిండి మొదలుపెట్టిన ఎలుకల్లో ఆకలి కేంద్రానికే సెగ తగులుతుంది. సియాటిల్ పరిశోధనలో అది ఒకటి నుంచి మూడు రోజుల్లోనే మొదలైంది, అప్పటికి ఎలుక ఇంకా ఒళ్లు చేయనేలేదు. ఊబకాయం ఉన్న మనుషుల ఎంఆర్ఐ స్కాన్లలోనూ అదే భాగంలో మచ్చ పడిన ఆనవాళ్లు వాళ్లకు కనిపించాయి. ‘చాలు’ అని చెప్పాల్సిన చోటే దెబ్బతింటే కంచం ముందునుంచి లేవడం ఎంత కష్టమో ఆలోచించండి. నోరు కట్టుకోలేకపోవడం అని మనం ఈసడించే దాని వెనక ఇది కూడా ఉంది.

ఇక మనసు మాట. హెపటైటిస్-సి వ్యాధికి చాలా ఏళ్లు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. ఇంటర్‌ఫెరాన్ కూడా సైటోకైనే. అంతకుముందు ఏ మానసిక ఇబ్బందీ లేనివాళ్లు కూడా ఆ మందు మొదలైన కొన్ని వారాలకు దిగులులో కూరుకుపోయేవారు, సుమారు నలుగురిలో ఒకరు. ఎందుకని వెతికితే ఒక దారి దొరికింది. తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే పదార్థంతో మెదడు సెరటోనిన్‌ను తయారుచేసుకుంటుంది. మనసు నిబ్బరానికి సెరటోనిన్ కావాలి. ఒంట్లో సెగ ఉన్నప్పుడు ఆ ట్రిప్టోఫాన్ పక్కదారి పట్టి కైన్యురెనిన్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది. దాంట్లోంచి పుట్టే కొన్ని పదార్థాలు నాడీకణాలకు హాని కూడా చేస్తాయి.

ఊబకాయానికీ కుంగుబాటుకూ చుట్టరికం ఉందని 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. ఊబకాయం ఉన్నవాళ్లకు తర్వాతి కాలంలో కుంగుబాటు వచ్చే అవకాశం 55 శాతం ఎక్కువ. కుంగుబాటు ఉన్నవాళ్లు ఊబకాయంలోకి జారే అవకాశం 58 శాతం ఎక్కువ. రెండువైపులా నడిచే దారి ఇది. దిగులుగా ఉన్న మనిషి నడకకు వెళ్లలేడు, రాత్రి నిద్రపోలేడు, చేతికందిన మిక్చరు పొట్లం ఖాళీ చేస్తాడు. అతన్ని పట్టుకుని వెక్కిరిస్తే ఆ అవమానం మరో ఒత్తిడి. బస్సులో, పెళ్లిలో, చివరికి ఆస్పత్రి వరండాలో కూడా పడే ఆ మాటలు మనసుకు చేసే హాని సైటోకైన్ల కన్నా తక్కువేమీ కాదని నేను నమ్ముతాను.

ఇంతవరకూ విన్నాక, ‘అయితే వాపు తగ్గించే మందు వేస్తే దిగులు పోతుందా’ అని మీలో ఎవరికైనా తోచి ఉంటుంది. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయం వైద్యులకూ తోచింది. మామూలు మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 60 మందిని తీసుకుని, కొందరికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు. 2013లో వచ్చిన ఫలితం: మొత్తం మీద తేడా లేదు. కానీ మొదట్లోనే రక్తంలో వాపు సూచికలు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు మేలు కనిపించింది, తక్కువ ఉన్నవాళ్లకు కనిపించలేదు. దిగులన్నది ఒకే చెట్టు కాయ కాదు. కొందరిది సెగ వల్ల వచ్చింది, కొందరిది వేరే కారణాల వల్ల.

అందుకే ఈ ప్రసంగంలో ‘అవకాశం ఉంది’ అన్న మాటను నేను వదలడం లేదు. ఎలుక మెదడును కోసి చూసినట్టు మనిషి మెదడును చూడలేం. మనుషుల్లో ఊబకాయంతో పాటు బీపీ, షుగరు, గురకతో తెగిపోయే నిద్ర అన్నీ కలిసే వస్తాయి. వాటిలో ప్రతిదీ మెదడుకు తన వంతు హాని చేయగలదు. అయినా అమెరికాలో పదివేలమందికి పైగా నడివయసువాళ్లను సుమారు 27 ఏళ్లపాటు గమనించి 2005లో వెలువరించిన అధ్యయనంలో, నలభై దాటిన కొత్తలో ఊబకాయం ఉన్నవాళ్లకు ముసలితనంలో డిమెన్షియా ముప్పు 74 శాతం ఎక్కువని తేలింది. ఇది నడివయసు మాట. డెబ్బై దాటినవాళ్ల విషయం వేరు. ఆ వయసులో బరువు దానంతటదే తగ్గిపోతుంటే సంతోషించకండి, డాక్టరుకు చూపించండి. డిమెన్షియా బయటపడడానికి కొన్నేళ్ల ముందే బరువు తగ్గడం మొదలుకావచ్చు.

మన సంగతికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. దేశం మొత్తం మీద 24. అయితే మనకు బరువు కాటా చెప్పేది సగం నిజమే. పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన ఆయన మిత్రుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే అచ్చేశారు. ఇద్దరూ సన్నగా కనిపిస్తారు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక, బీఎంఐ, ఇద్దరికీ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, చొక్కా కింద గుండ్రటి బొజ్జ. మన వీధిలో ఎంతమంది ఇలా ఉన్నారో లెక్కపెట్టండి. ‘నేనేం లావు కాదు’ అనుకునే మగవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం.

కాబట్టి కాటా కన్నా మీ ఇంట్లో కుట్టుమిషను డ్రాయరులో ఉన్న టేపు నమ్మకమైనది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా చుట్టండి. మనవాళ్లలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఇందులో ఊరటనిచ్చేది ఏమిటంటే, ఈ నిప్పు చల్లారుతుంది. సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయంలో ఇరవై ఏళ్లు దాటిన 110 మంది సన్నటి యువతీయువకులతో ఒక పరీక్ష చేశారు. సగం మంది ఒక వారం పాటు వాఫుల్స్, ఫాస్ట్‌ఫుడ్ తిన్నారు. ఆ వారంలోనే వాళ్ల జ్ఞాపక పరీక్షల మార్కులు తగ్గాయి, కడుపు నిండాక కూడా చిరుతిళ్ల మీదికి మనసు పోయింది. మామూలు తిండికి వచ్చి మూడు వారాలు గడిచేసరికి జ్ఞాపకం తిరిగొచ్చింది. ఆస్ట్రేలియాలోనే ఫెలిస్ జాకా బృందం 2017లో కుంగుబాటు ఉన్న 67 మందితో 12 వారాలు పనిచేసింది. పప్పులు, కూరగాయలు, చేపలు, గింజలతో తిండి మార్చుకున్నవాళ్లలో సుమారు మూడోవంతు మంది కుంగుబాటులోంచి బయటపడ్డారు. ఊరికే కబుర్లాడుతూ తోడిచ్చిన గుంపులో నూటికి 8 మందే. చిన్న పరీక్షే, మందులు మానేయమని దీనర్థం కానే కాదు. ఫిన్లాండ్‌లో 60 దాటిన 1,260 మందితో రెండేళ్లు చేసిన ఫింగర్ అనే పరీక్షలో తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ లాంటివాటి మీద కన్ను, ఇవన్నీ కలిపి పాటించినవాళ్ల ఆలోచనాశక్తి మెరుగ్గా నిలిచింది.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి చాలామంది అడుగుతున్నారు. వాటికి వాటి స్థానం ఉంది. అదే కోవకు చెందిన సెమాగ్లుటైడ్‌ను అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్లకు ఇచ్చి చూస్తే జబ్బు వేగం తగ్గలేదని 2025 నవంబరులో తేలింది. మెదడు మందు అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. నడకకు మాత్రం నేను పూచీ పడతాను. బరువు కాటా మీద ముల్లు కదలకపోయినా రోజూ నడిచేవాళ్లలో బొజ్జ లోపలి కొవ్వు తగ్గుతుంది.

మా అక్క దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి తమ్ముడిగా మాట్లాడే ముందు డాక్టరుగా చేయాల్సిన పని చేశాను. మతిమరుపుతో, దిగులుతో వచ్చిన ఎవరికైనా ముందు చేయించాల్సిన పరీక్షలే అవి: థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగరు. బి12 తక్కువగా ఉంది. ‘‘రాత్రిళ్లు గురక పెట్టి పెట్టి ఉన్నట్టుండి ఊపిరి ఆగినట్టవుతుంది, నేనే తట్టి లేపుతాను’’ అని బావగారు అప్పుడు చెప్పారు. అన్నేళ్లుగా అది చెప్పాల్సిన విషయమని ఆయనకూ తెలియదు, నేనూ అడగలేదు. నిద్ర పరీక్ష చేయించాం, స్లీప్ ఆప్నియా అని తేలింది. రాత్రి మాస్కు, బి12, సగం అన్నం తగ్గి ఆ చోట పప్పూ కూరా, పక్కింటావిడతో పొద్దున్నే నడక. ఏడాదికి నాలుగు కిలోలే తగ్గింది. నడుము మూడంగుళాలు తగ్గింది. ఆమె తలలోని దూదిలో నిద్ర వాటా ఎంత, బి12 వాటా ఎంత, కొవ్వు రాజేసిన సెగ వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను.

ఈ ప్రసంగం రాసుకుంటూ నిన్న అక్కకు ఫోన్ చేశాను. పాలు పొంగిన సంగతి రేడియోలో చెప్పనా అని అడిగాను. ‘‘చెప్పరా. మొన్న పప్పు కూడా మాడ్చాను, కావాలంటే అదీ చెప్పు’’ అంది. కాసేపాగి, ‘‘ఆ దూది మాట మటుకు మర్చిపోకు. అలా నా ఒక్కదానికే అవుతోందనుకుని రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు’’ అంది.